వినే మనిషి లేని బడిలో భావోద్వేగ పాఠం

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చి 2023లో ప్రాణాలు కోల్పోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పును తెలుగు రాష్ట్రాలు రెండూ తమ గురించే రాసినట్టుగా చదువుకోవాలి. దర్యాప్తును సీబీఐకి అప్పగించి కోర్టు ఊరుకోలేదు. తగిన చట్టం వచ్చేదాకా దేశమంతటా పాటించాలంటూ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురి ముందూ అవమానించడం మానాలంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలంది. ఇలాంటి ఆదేశం వచ్చినప్పుడల్లా మన విద్యాశాఖలు అలవాటైన దారిలోనే నడుస్తాయి. ఒక పుస్తకం అచ్చవుతుంది, టైంటేబుల్లో వారానికో పీరియడ్ చేరుతుంది, ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ జరుగుతుంది, ఫొటోలు అప్‌లోడ్ చేయమని ఉత్తర్వు వస్తుంది. సామాజిక, భావోద్వేగ అభ్యసనం అన్న మాట ఇప్పుడు విద్యాపత్రాల్లో బాగా వినిపిస్తోంది. చదువు పిల్లల బుద్ధితో పాటు సామాజిక, నైతిక, భావోద్వేగ సామర్థ్యాలను కూడా పెంచాలని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. దాన్ని కూడా ఈ పాత దారే పట్టిస్తే పిల్లల సంచిలో ఇంకో పుస్తకం బరువు పెరగడం తప్ప జరిగేదేమీ ఉండదు. ఈ విద్య ఫలితమిస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయి. అవే ఆధారాలు, పాఠం కన్నా పాఠం వెనకున్న మనిషీ బడి నడతా ముఖ్యమని కూడా చెబుతున్నాయి. ఆ రెండో సంగతిని మనం పట్టించుకోవడం లేదు.

ముందు ఈ విద్య ఏమిటో చూద్దాం. అమెరికాలో 1994లో ఏర్పడిన కాసెల్ అనే సంస్థ దీన్ని ఐదు సామర్థ్యాలుగా చెప్పింది: తన మనసులో ఏం జరుగుతోందో తెలుసుకోవడం, దాన్ని అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారి స్థితిని అర్థం చేసుకోవడం, స్నేహాలను నిలుపుకోవడం, మంచిచెడ్డలు ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. వినడానికి ఇవి మామూలు సంగతులే. కానీ ఎనిమిదో తరగతి పిల్లకు లెక్కల పరీక్ష ముందు గుండె దడ వస్తే అది భయమని గుర్తుపట్టి, దాని గురించి ఒకరికి చెప్పుకోగలగడం ఈ మొదటి సామర్థ్యమే. ఇది పుట్టుకతో వచ్చేది కాదనీ, నేర్పితే వస్తుందనీ పరిశోధనలు తేల్చాయి. 2011లో డర్లాక్, ఆయన సహచరులు 213 కార్యక్రమాల ఫలితాలను, అంటే 2,70,034 మంది విద్యార్థుల సమాచారాన్ని కలిపి చూశారు. కార్యక్రమంలో ఉన్న పిల్లల ప్రవర్తన మెరుగైంది, మానసిక ఒత్తిడి తగ్గింది. చదువులో పదకొండు పర్సంటైల్ పాయింట్ల మేలు కనిపించింది. వందలో యాభై మంది కన్నా ముందున్న పిల్లవాడు అరవై ఒక్కరి కన్నా ముందుకు వెళ్లినంత మార్పు అది. 2023లో 53 దేశాల నుంచి 424 అధ్యయనాలను, 5,75,361 మంది విద్యార్థుల సమాచారాన్ని కూర్చిన మరో పరిశీలన కూడా మొత్తం మీద మేలే జరిగిందని చెప్పింది. కాబట్టి భావోద్వేగాల సంగతి చదువుకు అడ్డమన్న మాటకు ఆధారం లేదు. భయం తగ్గిన పిల్లవాడికి చదివింది ఎక్కువగా గుర్తుంటుంది.

అయితే ఈ సగటు లెక్కల కింద చాలా వైఫల్యాలు కూడా ఉన్నాయి, వాటిని దాచిపెట్టి వాదించడం పిల్లలకు మంచిది కాదు. బ్రిటన్ 2007లో ఉన్నత పాఠశాలల కోసం 'సీల్' అనే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టింది. ఎవరికి తోచినట్టు వాళ్లు అమలు చేసుకోమని బడులకే వదిలేసింది. 2010లో మూల్యాంకనం చేస్తే ఆ కార్యక్రమం ఉన్న బడులకూ లేని బడులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అదే దేశంలో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న 'మిరియడ్' అధ్యయనం 2022లో వెలువడింది. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి వాళ్లచేత ధ్యానసాధన పాఠాలు చెప్పిస్తే, మామూలు బోధన కన్నా ఎక్కువ మేలు ఏమీ జరగలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనేలేదు. ఆస్ట్రేలియాలో ఇంకా ఆలోచించాల్సిన ఫలితం వచ్చింది. తీవ్రమైన మానసిక సమస్యలున్నవారి చికిత్సకు పుట్టిన పద్ధతిని తరగతి పాఠంగా మార్చి టీనేజీ పిల్లలందరికీ చెప్పారు. 2023లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం పాఠాలు ముగిసిన వెంటనే ఆ పిల్లల్లో ఆందోళన, దిగులు తగ్గకపోగా పెరిగాయి, తల్లిదండ్రులతో సంబంధాలు కొంత చెడ్డాయి. ఎవరికి తోచినట్టు వాళ్లకు వదిలేసినా, అందరికీ ఒకే మందు పోసినట్టు ఒకే పాఠం చెప్పినా ఏమవుతుందో ఈ మూడూ చూపిస్తున్నాయి. ఒకే పేరుతో నడిచే కార్యక్రమాలు ఒకచోట ఫలించి ఇంకోచోట ఎందుకు విఫలమయ్యాయి అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

దానికి జవాబు వెతకడానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు, బిహార్ చాలు. నలంద జిల్లాలో ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత పాఠశాలల్లో 'సెహర్' అనే ప్రయోగం జరిగింది. సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ, మానసిక వైద్య పరిశోధకుడు విక్రమ్ పటేల్ బృందం దాన్ని నిర్వహించాయి. ఫలితాలు 2018 చివర్లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పాఠశాలల్ని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. ఒక గుంపులో అప్పటికే ఉన్న కౌమారదశ విద్యా కార్యక్రమం మాత్రమే నడిచింది. రెండో గుంపులో అదనంగా సెహర్ కార్యక్రమాన్ని ఆ బడి ఉపాధ్యాయుడే శిక్షణ పొంది నడిపాడు. మూడో గుంపులో అదే కార్యక్రమాన్ని 'సెహర్ మిత్ర' అనే సాధారణ సలహాదారు నడిపాడు. ఈ మిత్ర డాక్టరు కాదు, సైకాలజిస్టూ కాదు, ఆ పనికోసమే శిక్షణ పొంది బడిలో ఉండే మనిషి. అతను చేసిన పనుల్లో కొత్త శాస్త్రమేమీ లేదు. ప్రార్థన సమావేశంలో ఒక అంశం మీద మాట్లాడించడం, గోడపత్రిక నడిపించడం, పిల్లలు తమ బాధలు రాసి వేసే పెట్టె పెట్టి ఆ చీటీలకు జవాబు చెప్పడం, పిల్లలూ ఉపాధ్యాయులూ ఉన్న కమిటీని కూర్చోబెట్టడం, వచ్చి చెప్పుకున్న పిల్లల మాట ఏకాంతంగా కూర్చుని వినడం. ఎనిమిది నెలల తర్వాత తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగారు, చివరి సర్వేలో 14,414 మంది పాల్గొన్నారు. మిత్ర ఉన్న బడుల్లో పిల్లలకు బడి మీద నమ్మకం బాగా పెరిగింది. దిగులు తగ్గింది, ఏడిపించడాలు, కొట్లాటలు తగ్గాయి, ఆడపిల్లల పట్ల దృష్టి మారింది. ఉపాధ్యాయుడు నడిపిన బడుల్లో కార్యక్రమం అదే, పుస్తకం అదే, అయినా సెహర్ లేని బడులకూ వాటికీ తేడా లేదు. పదిహేడు నెలలకు మళ్లీ కొలిస్తే మిత్ర ఉన్న బడుల్లో మేలు ఇంకా పెరిగింది. పాఠాన్ని మార్చకుండా మనిషిని మారిస్తే ఏమవుతుందో ఇంత శుభ్రంగా చూపించిన ప్రయోగం మన దేశంలో మరొకటి కనబడదు. బిహార్ బడుల ఇబ్బందులు మన బడుల ఇబ్బందుల కన్నా తక్కువేమీ కావు. కాబట్టి ఇది మనకు వర్తించదని తోసిపుచ్చడానికి వీల్లేదు.

దీన్ని ఉపాధ్యాయుల మీద నిందగా తీసుకోకూడదు. ఒక ఉపాధ్యాయుడు పాఠం చెప్పాలి, పేపర్లు దిద్దాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు చూడాలి, యాప్‌లలో హాజరు వేయాలి, ఎన్నికల విధులకు వెళ్లాలి. వీటి మీద ఒక్కో పిల్లవాడి మనసు కూడా వినమంటే ఆ పని చివరికి పోతుంది. అంతకన్నా లోతైన కారణం కూడా ఉంది. మార్కులు వేసే చేతికి, హోంవర్క్ చేయనందుకు నిలబెట్టే మనిషికి, నాన్నకు ఫోన్ చేస్తానని బెదిరించే గొంతుకు పిల్లలు తమ రహస్యం చెప్పుకోరు. పది ఐరోపా దేశాల్లో 168 బడుల్లో 11 వేల మందికి పైగా పిల్లలతో జరిగిన 'సెయిల్' అధ్యయనం 2015లో ఈ మాటకు ఊతమిచ్చింది. ప్రమాదంలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టమని ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన బడుల్లో ఆత్మహత్యాయత్నాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. బయటి నుంచి వచ్చిన శిక్షకులు పిల్లలచేత నాటికలు వేయించి, నిజజీవితంలో ఎదురయ్యే చిక్కుల మీద వాళ్లచేతే మాట్లాడించిన బడుల్లో ఏడాది తర్వాత కొత్త ఆత్మహత్యాయత్నాలు సుమారు సగం తగ్గాయి. ఆ కార్యక్రమం మొత్తం నాలుగు వారాల్లో ఐదు గంటలే.

అలాంటప్పుడు 2011 పరిశీలనలో తరగతి ఉపాధ్యాయులు నడిపిన కార్యక్రమాలు ఫలించాయి కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ ఫలించినవి వరుసక్రమంలో, పిల్లలచేత చేయిస్తూ, తగిన సమయమిచ్చి నేర్పినవి. అమలు సరిగా లేనిచోట ఫలితం పడిపోయిందని ఆ పరిశీలనే చెప్పింది. బాల్టిమోర్ నగరంలో 1985లో మొదలైన 'మంచి ప్రవర్తన ఆట' ఇంకో ఉదాహరణ. ఒకటో తరగతి పిల్లల్ని జట్లుగా చేసి, నియమాలు స్పష్టంగా చెప్పి, జట్టంతా బాగా ఉంటే మెచ్చుకోవడమే ఆ ఆట. అందులో భావోద్వేగాల మీద ప్రత్యేక పాఠం లేదు. అయినా ఆ పిల్లలు 19, 21 ఏళ్ల వయసుకు వచ్చేసరికి వాళ్లలో, ముఖ్యంగా చిన్నప్పుడు దుడుకుగా ఉన్న మగపిల్లల్లో, మాదకద్రవ్యాల వ్యసనం తక్కువగా కనిపించింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఉపాధ్యాయుడి పని ఏమిటో తెలుస్తుంది. తరగతిని కొట్టకుండా, తిట్టకుండా, న్యాయంగా నడపడం ఆయన చేతిలో ఉంది, దాని ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుంది. పిల్లవాడి కష్టం వినే పని మాత్రం ఇంకొకరికి అప్పగించాలి.

తరగతిని కొట్టకుండా నడపడం అన్న మాట దగ్గర తెలుగు రాష్ట్రాలు కాస్త ఆగాలి. 'యంగ్ లైవ్స్' అనే అంతర్జాతీయ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై మండలాల నుంచి తీసుకున్న మూడు వేల మంది పిల్లల జీవితాలను వెంబడించింది. శ్రీకాకుళం, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్ పిల్లలు అందులో ఉన్నారు. ఎనిమిదేళ్ల పిల్లల్ని అడిగితే, అంతకు ముందు వారంలో బడిలో దెబ్బలు తిన్నామని నూటికి 78 మంది చెప్పారు. పదిహేనేళ్ల వాళ్లలో 34 శాతం. అదే అధ్యయనంలో ఎనిమిదేళ్ల వాళ్లు వియత్నాంలో 20 శాతం, పెరూలో 30 శాతం, ఇథియోపియాలో 38 శాతం దెబ్బలు తిన్నామన్నారు. నాలుగు దేశాల్లో మన పిల్లల వీపుల మీదే ఎక్కువ వాతలు తేలాయి. విద్యాహక్కు చట్టం 2009లోనే 17వ సెక్షన్ ద్వారా శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ లెక్కలు తీసినప్పటికి చట్టం కొత్తది, ఇప్పుడు పరిస్థితి కొంత మారి ఉండవచ్చు. కానీ చట్టం మీద నమ్మకంతో బెత్తాన్ని బయట పారేసిన బడులు ఎన్ని ఉన్నాయో తల్లిదండ్రులకే తెలుసు. పొద్దున కోపాన్ని ఎలా అదుపు చేసుకోవాలో పాఠం చెప్పి, మధ్యాహ్నం ఎక్కాలు రానందుకు చెంప మీద కొడితే పిల్లవాడు ఏది నేర్చుకుంటాడు? బడిలో పెద్దలు చేసేదే పిల్లలకు అసలు సిలబస్. కులం పేరు చెప్పి ఎగతాళి చేసినప్పుడు చూసీచూడనట్టు ఊరుకునే బడి, అవమానపడ్డ పిల్లవాడికి ఓర్పు గురించి బోధించడం అన్యాయమే. ముందు ఎగతాళి చేసినవాళ్లను ఆపాలి.

పీరియడ్లు పెట్టడంలో మనకు కొరత లేదన్నది కూడా గుర్తు చేసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చినప్పుడే ప్రగతి పత్రంలో 'విలువల విద్య, జీవన నైపుణ్యాలు' అనే గడి చేరింది. కళలకు, పనికి, ఆరోగ్యానికి కూడా గడులు వచ్చాయి. ఆ పీరియడ్లు లెక్కలకూ సైన్సుకూ పోతాయనీ, గడిలో గ్రేడు మాత్రం ఠంచనుగా పడుతుందనీ తెలియని ఉపాధ్యాయుడు ఉండడు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు రాయబారులుగా ఉండి పదకొండు అంశాల మీద వారానికోసారి మాట్లాడాలి, మానసిక ఆరోగ్యం అందులో ఒకటి. ఆలోచన మంచిదే, కానీ నలందలో ఫలించని పద్ధతినే ఇది మళ్లీ నమ్ముకుంది. ఢిల్లీ ప్రభుత్వం 2018లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా మొదలుపెట్టిన ఆనంద పాఠ్యక్రమంలో ఒక మంచి సంగతి ఉండేది, దానికి పరీక్షలు పెట్టలేదు. మనం పెట్టిన గడిలో పిల్లవాడి సహనానికి 'బి' గ్రేడు వేస్తే అతను సహనం నేర్చుకోడు, సహనం ఉన్నట్టు కనబడడం నేర్చుకుంటాడు. కొలవాలంటే బడినే కొలవాలి. పేరు రాయనక్కర్లేని కాగితం మీద ఏడాదికి రెండుసార్లు పిల్లల్ని అడగాలి: ఈ బడిలో నీ మాట ఎవరైనా వింటారా, నిన్నెవరైనా కొట్టారా, ఇక్కడికి రావడానికి భయమేస్తుందా? నలందలో ప్రధానంగా కొలిచింది కూడా బడి వాతావరణాన్నే.

ఈ వాదన అసలు పరీక్షకు నిలబడాల్సింది ఇంటర్మీడియట్ దగ్గర, హాస్టళ్ల దగ్గర. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా 3,79,842 మంది విద్యార్థులను సర్వే చేస్తే, చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని 81 శాతం చెప్పారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2023లో దేశంలో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. మన కార్పొరేట్ కాలేజీల్లో ర్యాంకుల సెక్షన్లు, వారాంతపు పరీక్షలు, గోడమీద జాబితాలు, రాత్రి దాకా స్టడీ అవర్లు ఎలా ఉంటాయో ఇక్కడ వివరించనక్కర్లేదు. జూనియర్ కాలేజీల్లో పరిస్థితి మీద 2001లోనే నీరదా రెడ్డి కమిటీని వేశారు, 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మళ్లీ చక్రపాణి కమిటీని వేసింది. ఒకే జబ్బుకు పదహారేళ్ల తేడాతో రెండుసార్లు పరీక్ష చేయించాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తప్పు వ్యవస్థది. ఎంత చక్కటి భావోద్వేగ పాఠం కూడా తప్పు మెమో ఇచ్చిన బోర్డుకు బదులు నిలబడలేదు. అందుకే ఈ విద్య పేరుతో ఒత్తిడిని అలాగే ఉంచి, ఓర్చుకోవడం మాత్రం పిల్లలకు నేర్పుతామంటే ఒప్పుకోకూడదు. కేంద్రం 2022లో టెలీ మానస్ సహాయ కేంద్రాన్ని తెచ్చింది, 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. కానీ ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వని హాస్టల్లో, వారానికోసారి వార్డెన్ ఎదుట రెండు నిమిషాలు ఇంటికి మాట్లాడే పిల్లకు ఆ నంబరు గోడమీద అంకెలే. రెండు రాష్ట్రాల గురుకులాల్లో, ప్రైవేటు హాస్టళ్లలో లక్షలాది పిల్లలు ఇంటికి దూరంగా పెరుగుతున్నారు. సాయంత్రం తల్లి ముఖం చూసి బాధ చెప్పుకునే వీలు లేని వీళ్లకే ఆ వినే మనిషి అందరికన్నా ముందు కావాలి.

ఇదంతా ఇంటి పని, తల్లిదండ్రులూ తాతలూ అమ్మమ్మలూ చేయాల్సిందే కదా అన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. నిజంగానే అది ఇంటి పనే. కానీ పదకొండేళ్లకే పిల్లల్ని హాస్టల్లో చేర్చి, రోజుకు పన్నెండు గంటలు సంస్థకు అప్పగించాక ఆ బాధ్యతలో పెద్ద వాటా సంస్థకు చేరుతుంది. వలస వెళ్లిన పాలమూరు, ఉత్తరాంధ్ర కుటుంబాల్లో ఏడాదిలో కొన్ని నెలలు ఇల్లే ఉండదు. ఇంకొందరికి భయం ఇంట్లోనే ఉంటుంది. అలాంటి పిల్లవాడికి బడి తప్ప మరో దిక్కు లేదు.

పిల్లల్ని మరీ సున్నితంగా తయారుచేస్తున్నారన్నది రెండో అభ్యంతరం. మామూలు దిగులుకు కూడా జబ్బు పేరు పెట్టి, రోజూ తమ మనసునే తడుముకునేలా చేస్తారని కొందరు మానసిక శాస్త్రవేత్తలే హెచ్చరిస్తున్నారు. ఆస్ట్రేలియా ఫలితం వాళ్ల భయాన్ని బలపరిచింది కూడా. ఈ అభ్యంతరంలో నిజం ఉంది కాబట్టే అందరికీ చికిత్స లాంటి పాఠం వద్దని ఈ వ్యాసం అంటోంది. తరగతి మొత్తానికి లోపలి బాధల్ని తవ్వించడం కన్నా, అవసరమైన పిల్లవాడు తనంత తాను నడిచివెళ్లగల తలుపు తెరిచి ఉంచడం మంచిది. మిగతా పిల్లలకు ఆటలు, నాటకాలు, జట్టుగా చేసే పనులు, న్యాయంగా నడిచే తరగతి చాలు. అయితే కష్టం ఓర్చుకుంటేనే గట్టిపడతారని దెబ్బలను సమర్థించేవాళ్లు మాత్రం ఈ హెచ్చరికను తమ వాదనకు తోడు తెచ్చుకోకూడదు. భయపెట్టి గట్టిపరచవచ్చని ఆ అధ్యయనాలేవీ చెప్పలేదు.

డబ్బు ఎక్కడుందన్నది ప్రభుత్వాలు అడిగే ప్రశ్న. ప్రతి బడికీ క్లినికల్ సైకాలజిస్టును పెట్టాలంటే దేశంలో అంతమంది లేరు, నిజమే. కానీ నలంద మిత్రలు సైకాలజిస్టులు కారు. వైద్యరంగంలో మనం ఈ లెక్క ఎప్పుడో చేశాం. ప్రతి ఊరికీ డాక్టరు రాడని తెలిసి, 2005 తర్వాత ఆశా కార్యకర్తలను పెట్టుకున్నాం, కాన్పులు ఆస్పత్రులకు చేరడంలో వాళ్ల పాత్ర చిన్నది కాదు. అదే దారిలో ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ చదివి విశ్వవిద్యాలయాల నుంచి బయటికొస్తున్న యువతకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చి, పైన ప్రతి జిల్లాకూ ఒక నిపుణుడి పర్యవేక్షణ పెట్టవచ్చు. ఆశాల విషయంలో చేసిన తప్పు మాత్రం మళ్లీ చేయకూడదు. గౌరవ వేతనమనే పేరుతో చాలీచాలని డబ్బులిచ్చి, కనబడిన సర్వేలన్నీ వాళ్ల నెత్తిన పెడితే రెండేళ్లలో మిత్ర కూడా ఇంకో గుమస్తా అవుతాడు. వంద మంది లేని ప్రాథమిక పాఠశాలలకు స్కూల్ కాంప్లెక్సుకు ఒకరు చాలు. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవచ్చని సుప్రీంకోర్టే వెసులుబాటు ఇచ్చింది. ప్రైవేటు కాలేజీల ఖర్చు ప్రభుత్వానిది కాదు. లక్షల్లో ఫీజులు తీసుకునే సంస్థ ఒక కౌన్సెలర్ జీతం భరించలేనంటే దాని గుర్తింపు గురించి ఇంటర్ బోర్డు ఆలోచించాలి.

నియమించేటప్పుడు కొన్ని సంగతులు కాగితం మీద కచ్చితంగా ఉండాలి. ఈ మనిషి మార్కులు వేయకూడదు, క్రమశిక్షణ కమిటీలో ఉండకూడదు, అడ్మిషన్ల ప్రచారానికి తిరగకూడదు. పిల్లలు చీటీలు వేసే పెట్టె తాళం హెడ్మాస్టరు దగ్గరో వార్డెన్ దగ్గరో ఉండకూడదు. ఫిర్యాదు వార్డెన్ మీదే అయితే ఆ చీటీ ఎవరి చేతిలో పడుతుందో ఒక్కసారి ఆలోచించండి. చెప్పిన మాట బయటికి పొక్కదన్న నమ్మకం పిల్లలకు ఉండాలి, దానితో పాటే ఆ నమ్మకానికి ఒక హద్దు ఉందని ముందే చెప్పాలి. లైంగిక వేధింపు గురించి తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే అదే రోజు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఆడపిల్లల హాస్టళ్లలో ఈ పని స్త్రీలే చేయాలి. ఏజెన్సీ ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలకు వాళ్ల భాష వచ్చినవాళ్లే కావాలి. ఏడుపు వచ్చినప్పుడు ఎవరికైనా నోటికి వచ్చేది ఇంటి భాషే.

పాఠ్యపుస్తకం తర్వాత రావచ్చు, దాన్ని ఈ మనుషుల అనుభవంతోనే రాయించవచ్చు. సుప్రీంకోర్టు తీర్పుకు కట్టుబడి రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ మొదట గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో, జూనియర్ కాలేజీల్లో ఈ నియామకాలు పూర్తి చేయాలి. ఎక్కడ ఎంతమందిని పెట్టారో జిల్లాలవారీగా ప్రజల ముందుంచాలి. తల్లిదండ్రులు కూడా ఈసారి పిల్లల్ని కాలేజీలో చేర్చేటప్పుడు పోయినేడు ఎన్ని ర్యాంకులు వచ్చాయని అడిగే ముందు, రాత్రి పది గంటలకు పిల్లకు దిగులేస్తే ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్తుందని అడగండి. ఆ మనిషి పేరు చెప్పలేని కాలేజీలో చేర్చకండి.